అరవై దాటాక క్లాసిక్ బండి: ఏది కొనాలో ఇంజిన్ ఆపి తేల్చుకోండి

షోరూములో కుర్రాడు తాళం చేతిలో పెట్టి "ఒక రౌండేసి రండి సార్" అంటాడు. వేసి వస్తారు. నడిచే బండి ఏదైనా బాగానే ఉంటుంది, అందులోనూ కొత్తది. నా మాట వింటే, తిరిగొచ్చాక ఇంజిన్ ఆపేయండి. దిగి, హ్యాండిల్ పట్టుకుని, షోరూము ముందుండే వాలు మీదికి బండిని వెనక్కి నెట్టుకుంటూ ఎక్కించండి. కుర్రాడు పరుగెత్తుకొస్తాడు, వద్దని చెప్పండి. అరవై దాటినవాడికి అసలు టెస్ట్ డ్రైవ్ ఇదే.

ఈ సంగతి నాకు మా అపార్టుమెంటు సెల్లారు నేర్పింది. మాది విశాఖపట్నం. సీతమ్మధార వైపు కొన్ని వీధుల్లో చదునైన చోటు వెతుక్కోవాలి, బండి ఆపితే ఎటో ఒక వైపు జారుతుంది. రిటైరైన ఏడాదికి, నలభయ్యేళ్ల కోరిక తీర్చుకుందామని బుల్లెట్ చూడబోయే ముందు, ఒక స్నేహితుడి బండి రెండ్రోజులకి అడిగి తెచ్చుకున్నాను. సాయంత్రం సెల్లారులో పెట్టడం తేలికే, దిగుడు కదా. మర్నాడు పొద్దున్న తీయాలి. పక్కన కారు, వెనక స్తంభం, ముందు పైకెక్కే ర్యాంపు. ముందుకీ వెనక్కీ లాగి తిప్పేసరికి చొక్కా తడిసింది. చివరికి వాచ్‌మన్ వచ్చి తోశాడు. బండి తప్పేమీ లేదు. అది 195 కిలోలు. నేను పాతికేళ్లు తోలిన స్ప్లెండర్ 112. తేడా 83 కిలోలు, అంటే దిట్టమైన మనిషొకడు ఎప్పుడూ ట్యాంకు మీద కూర్చుని ఉన్నట్టు. నడుస్తున్నంతసేపూ వాడు కనపడడు. ఆపగానే మన చేతుల మీదికి వాలతాడు.

అందుకని ఈ పోలికలో హార్స్‌పవర్ గొడవ తక్కువ. ఎక్కడం, దిగడం, తిప్పడం, నెట్టడం, వెనక ఆవిడ కూర్చోవడం, వీటి గురించే ఎక్కువ.

ఎవరెవరు పోటీలో ఉన్నారు

గుండ్రటి హెడ్‌లైటు, ఒకటే సిలిండరు, నిటారుగా కూర్చునే సీటు. మన వయసువాళ్లు "బండంటే ఇదీ" అనుకునే ఆకారం ఇంతే. రాయల్ ఎన్‌ఫీల్డ్‌లో బుల్లెట్ 350, క్లాసిక్ 350, హంటర్ 350, మీటియార్ 350 ఉన్నాయి. నాలుగింటి ఇంజినూ ఒకటే: 349 సీసీ, ఇరవై హార్స్‌పవర్ పైచిలుకు, 27 న్యూటన్ మీటర్ల టార్కు (చక్రాన్ని తిప్పే బలం). హోండాలో హైనెస్ సీబీ350, జావాలో జావా 350, టీవీఎస్‌లో రోనిన్, కవాసాకీలో డబ్ల్యూ175. కాస్త వేగం కావాలంటే ట్రయంఫ్ స్పీడ్ 400.

ఇంట్లో మాత్రం అందరూ స్కూటరే కొనమంటారు. వాళ్ల మాటా తప్పు కాదు. కూరగాయలకీ బ్యాంకుకీ స్కూటరును మించింది లేదు. ఈ బండి కూరగాయల కోసం కాదని వాళ్లకి ముందే చెప్పేయడం మంచిది.

బరువు

పెట్రోలు, ఆయిలు అన్నీ పోశాక కంపెనీలు చెప్పే బరువులు ఇవీ. క్లాసిక్, బుల్లెట్ 195 కిలోలు. జావా 350 దాదాపు అంతే, 194. మీటియార్ 191. హైనెస్, అల్లాయ్ చక్రాల హంటర్ రెండూ 181. స్పీడ్ 400 దాదాపు 176. రోనిన్ 160కి అటూ ఇటూ. డబ్ల్యూ175 ఒక్కటే 135, మన పాత బండ్ల లెక్కలోకి వస్తుంది.

పదడుగుల పొడవుకి అడుగు ఎత్తు లేచే ర్యాంపు అనుకోండి. దాని మీద బండి బరువులో పదో వంతు వెనక్కి లాగుతుంది. క్లాసిక్ అయితే ఇరవై కిలోల లాగుడు, హైనెస్ అయితే పద్దెనిమిది, రోనిన్ పదహారు. ఈ రెండు కిలోలకేనా ఇంత రాద్ధాంతం అంటారు. నెట్టడంలో తేడా అంతే. అసలు తేడా బండి ఒరిగినప్పుడు తెలుస్తుంది. నిలువుగా ఉన్నంతసేపూ బరువంతా టైర్లే మోస్తాయి, మనం వేలితో పట్టుకున్నా చాలు. కాస్త ఒరిగిందా, కొంత మన మీద పడుతుంది. ఇంకాస్త ఒరిగితే ఆపలేం. ఆ గీత ఎక్కడుందన్నది మన మోకాళ్లు, నడుము, పాదం ఆనే చోటు చెప్తాయి. ఇరవై ఐదేళ్ల కుర్రాడు తొడ అడ్డుపెట్టి ఆపే చోట మనం బండి వదిలేయాలి. నిజంగానే వదిలేయండి. క్రాష్ గార్డ్‌కి గీత పడితే పడనివ్వండి, పట్టుకోబోతే నడుం పోతుంది.

అందుకే షోరూములో ఇంకో పని చేయమంటాను. బండి పక్కన నిలబడి, మీ వైపు కొద్దికొద్దిగా ఒరగనిచ్చి, మళ్లీ నిలబెట్టి చూడండి. కుర్రాణ్ణి అవతలి వైపు ఉండమనండి. ఎంత ఒరిగాక గుండె ఝల్లుమంటుందో అదే మీ లెక్క.

మెయిన్ స్టాండు వేయడం కూడా చూడండి. చాలామంది వెనక హ్యాండిల్ పట్టుకుని బండిని ఎత్తుతారు. ఎత్తకూడదు. స్టాండు రెండు కాళ్లూ నేలకి ఆనాయో లేదో చూసుకుని, మన ఒంటి బరువంతా కుడికాలి మీద వేసి కిందికి తొక్కితే బండి దానంతటదే లేస్తుంది. చెయ్యి దారి చూపిస్తుంది, అంతే. ఇది రాకపోతే ఏ బండైనా బరువే.

సీటు ఎత్తు, నడుము

మీటియార్ సీటు నేలకి 765 మిల్లీమీటర్లు. హంటర్, స్పీడ్ 400, డబ్ల్యూ175 మూడూ 790. రోనిన్ 795. హైనెస్ 800. జావా 802. క్లాసిక్, బుల్లెట్ 805. కాగితం మీద నాలుగు సెంటీమీటర్ల తేడా. కానీ సీటు వెడల్పు ఎక్కువైతే కాళ్లు పక్కకి విచ్చుకుంటాయి, అప్పుడు నేల ఇంకా దూరమవుతుంది. కాబట్టి అంకె చూసి సరిపెట్టుకోవద్దు. రోజూ వేసుకునే బూట్లతో వెళ్లి కూర్చోండి. కనీసం ఒక పాదం మడమతో సహా ఆనాలి, రెండో పాదం సగమైనా. మునివేళ్ల మీద నిలబడే బండి నలభైలో పరవాలేదు, అరవైలో కూడలి దగ్గర గులకరాయి చాలు.

అలాగైతే అందరూ మీటియారే కొనాలి కదా? ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ తరహా క్రూజర్ బండ్లలో ఫుట్‌రెస్టులు ముందుకి ఉంటాయి, కాళ్లు చాపుకుని కూర్చుంటాం. సోఫాలా హాయిగా ఉంటుంది, గుంత వచ్చేవరకు. కాళ్లు మన కింద ఉంటే గుంత రాగానే పాదాల మీద కాస్త లేచి దెబ్బని మోకాళ్లకి పంపిస్తాం. కాళ్లు ముందుకి ఉంటే లేవలేం, దెబ్బంతా తోక ఎముక మీదుగా వెన్నులోకి పోతుంది. మా బావగారు తనకున్న క్రూజర్ మీద హైవేలో విజయనగరం దాకా వెళ్లొచ్చి చాలా బాగుందంటాడు, అదే బండి మీద మా కాలనీ రోడ్డెక్కితే మొహం మాడ్చుకుంటాడు. పొట్టివాళ్లకీ, మోకాళ్లు పూర్తిగా మడవలేనివాళ్లకీ మీటియార్ మంచిదే. డిస్కు నొప్పి ఉన్నవాళ్లు నిటారు సీటు వైపే చూడాలి.

ఎక్కేటప్పుడు కాలు ఎంత ఎత్తు లేపాలన్నదీ చూసుకోవాలి. కొన్ననాడే వెనక పెట్టె, వీపుకి ఆనుడు కడ్డీ బిగించేస్తారు కొందరు. ఆ తర్వాత వాటి మీదుగా కాలు తిప్పలేక, ముందునుంచి కాలు మడిచి దూర్చి, గడ్డానికి మోకాలు తగిలించుకుంటారు. పది రోజులు ఖాళీ బండి నడిపాక ఏది కావాలో తేల్చుకోవచ్చు.

ఎడమ చెయ్యి, ఎడమ కాలు

ట్రాఫిక్‌లో ఎడమ చెయ్యి ముందు అలిసిపోతుంది. వేళ్ల కీళ్లు పట్టేసేవాళ్లకి క్లచ్ తేలిగ్గా ఉందా లేదా అన్నది మైలేజీ కంటే పెద్ద ప్రశ్న. హైనెస్‌లో, రోనిన్‌లో అసిస్ట్ అండ్ స్లిప్పర్ క్లచ్ అని ఉంది. పేరు భయపెడుతుంది గానీ మనకి అర్థం కావలసింది ఒక్కటే: లివర్ మెత్తగా నొక్కుకుంటుంది, గేరు గబుక్కున తగ్గించినా వెనక చక్రం ఈడ్చుకోదు. హంటర్‌కి 2025లో ఇది చేర్చారు. మిగతా వాటిలో ఏ మోడల్‌కి ఉందో అడిగి, ఇంజిన్ ఆపిన బండి మీద కూర్చుని ఇరవైసార్లు వరసగా క్లచ్ నొక్కి వదలండి. కుర్రాడు వింతగా చూస్తాడు. చూడనివ్వండి.

గేరు లివర్ సంగతి ఎవరూ చెప్పరు. బుల్లెట్, క్లాసిక్, మీటియార్, హైనెస్‌లలో లివరుకి రెండు కొసలుంటాయి: ముందు వేళ్లతో తగ్గించవచ్చు, వెనక మడమతో నొక్కి పెంచవచ్చు. హంటర్, రోనిన్, స్పీడ్ 400లలో ముందు కొస ఒక్కటే, పైకి వేయాలంటే పాదం దాని కిందికి దూర్చి లేపాలి. చీలమండ బిగిసిన కాలికి మడమతో నొక్కడమే సుఖం. పైగా చెప్పులతో బయల్దేరే అలవాటు మనలో చాలామందికి పోలేదు (పోవాలి), బొటనవేలి మీద కాయ కాయకుండా ఉంటుంది.

షుగరున్నవాళ్లకి ఇంకో మాట. అరికాళ్లలో తిమ్మిరి ఉంటే వెనక బ్రేకు ఎంత తొక్కామో తెలియదు. అలాంటివాళ్లు రెండు చక్రాలకీ ఏబీఎస్ (బ్రేకు గట్టిగా తొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఉన్న వేరియంటే తీసుకోవాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరే, కానీ ముందు చక్రానికి మాత్రమే ఉన్నా చట్టానికి చాలు. బుల్లెట్‌లో, హంటర్‌లో అన్నిటికంటే చవక వేరియంటుకి వెనక డ్రమ్ము బ్రేకు, ఏబీఎస్ ముందుకే. డబ్ల్యూ175కీ అంతే. ఇరవై వేలు మిగిలాయని సంబరపడే చోటు ఇది కాదు.

ఇంజిన్ గుణం

ఈ వయసులో మనకి కావలసింది నలభై, యాభైలో టాప్ గేరులో గునగునా పోయే ఇంజిన్. టార్కు ఎంత అన్నదానికంటే ఎంత కింద నుంచి దొరుకుతుందన్నది చూడాలి. హైనెస్ తన 30 న్యూటన్ మీటర్లూ 3000 ఆర్‌పీఎంకే (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఇచ్చేస్తుంది. ఎన్‌ఫీల్డ్ 350ల 27, 4000 దగ్గర. స్పీడ్ 400కి 37.5 ఉంది, కానీ అది 6500 దగ్గర. 40 హార్స్‌పవర్ 8000 దగ్గర. అంటే స్పీడ్ 400 తన్నితే పరుగెత్తే గుర్రం. ఆ పరుగు ఇష్టమైనవాళ్లకి అంత సరదా బండి ఇంకోటి లేదు, మిగతావాళ్లకి ఎక్కువ భాగం వాడకుండానే పడి ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా 350 సీసీ లోపు బండ్లకి 18 శాతం, దాటితే 40 శాతం అయింది. నా ఓటు 350 లోపే.

శబ్దం గురించి ఒక మాట చెప్పకపోతే బుల్లెట్ వాళ్లు ఊరుకోరు. ఎన్‌ఫీల్డ్ ఇంజిన్లో సిలిండరు వ్యాసం 72 మిల్లీమీటర్లు, పిస్టన్ కిందికీ మీదికీ తిరిగే దూరం 85.8. ఇలా పొడుగాటి నడక ఉన్న ఇంజిన్ నెమ్మదిగా, ఒక్కో దెబ్బా లెక్కపెట్టగలిగేలా కొడుతుంది. ఆ "డుగ్ డుగ్" అందులోంచి వచ్చిందే. కొత్త ఇంజిన్లో బ్యాలెన్సర్ షాఫ్టు పెట్టారు కాబట్టి పాత బుల్లెట్లలా అద్దాలు వణకవు, చేతులు తిమ్మిరెక్కవు. హైనెస్ శబ్దం గంభీరంగానే ఉంటుంది, కాకపోతే కళ్లు మూసుకుని వింటే బుల్లెట్ అని ఎవరూ అనుకోరు. ఈ ఒక్క కారణానికి క్లాసిక్ కొన్నవాణ్ణి నేను తప్పుపట్టను.

జావా మీద మనసుపడేవాళ్లు వేరే జాతి. వాళ్ల కాలేజీ రోజుల్లో మైసూరు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన జావాలు, యెజ్డీలు. రెండు సైలెన్సర్లు, టూ స్ట్రోక్ పొగ, కిక్కు కొట్టిన లివరే ముందుకి తిప్పితే గేరు లివర్. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. 2018 నవంబరులో ఆ పేరు మళ్లీ వచ్చింది. ఇప్పటి జావా 350 ఫోర్ స్ట్రోక్, 334 సీసీ, నీళ్లతో చల్లబడే ఇంజిన్, ఆరు గేర్లు. అందం పాతదే, గుణం కొత్తది. పొగ వాసన కోసం వెళితే దొరకదు. కొనే ముందు మీ ఊళ్లో వర్క్‌షాపు ఎంత దూరమో కనుక్కోండి. హోండాకి కూడా ఈ మాట వర్తిస్తుంది: హైనెస్ అన్ని హోండా షోరూముల్లో దొరకదు, బిగ్‌వింగ్ అనే వేరే షోరూముల్లోనే అమ్ముతారు, చిన్న ఊళ్లలో అవి తక్కువ. ఎన్‌ఫీల్డ్‌కి ఆ బాధ తక్కువ. బుల్లెట్ విప్పగలిగిన మెకానిక్ ఒకడు మండల కేంద్రంలో కూడా ఉంటాడు.

పాత బుల్లెట్ కొని బాగుచేయిస్తే?

ఈ ఆలోచన అందరికీ వస్తుంది. నాకూ వచ్చింది. ఆంపియర్ ముల్లు చూస్తూ, సిలిండర్లో ఒత్తిడి వదిలించే డీకంప్రెషన్ లివర్ నొక్కి, కిక్కుని మెల్లగా కిందికి దించి, ముల్లు నడిమికి రాగానే వదిలి ఒక్క తన్ను. సరిగ్గా కుదిరితే ఊరంతా వినపడుతుంది. కుదరకపోతే కిక్కు వెనక్కి తన్ని పిక్క వాస్తుంది. ఇరవై ఏళ్లప్పుడు అది కథ, ఇప్పుడు ఎక్స్‌రే.

మోకాలి కంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. పాత బుల్లెట్‌కి గేరు కుడివైపు, వెనక బ్రేకు ఎడమవైపు. దశాబ్దాలుగా మన కాళ్లు దీనికి తలకిందులుగా అలవాటు పడ్డాయి. తీరిగ్గా నడిపేటప్పుడు గుర్తుంటుంది. కుక్క అడ్డం వచ్చినప్పుడు కుడికాలు బ్రేకనుకుని గేరుని తొక్కుతుంది. దానికి తోడు పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్, ఆర్టీఓ దగ్గర తనిఖీ. ఇంటి ముందు పెట్టుకుని ఆదివారం తుడుచుకోవడానికైతే కొనండి. తిరగడానికి కొత్తదే.

కొత్త 350లకి కిక్కు లేదు, సెల్ఫ్ ఒక్కటే. బ్యాటరీ దిగిపోతే ఈ బరువుని తోసి స్టార్ట్ చేయడం మన వల్ల కాదు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆర్నెల్లు ఉండి వచ్చేవాళ్లు బ్యాటరీ విప్పించి వెళ్లడమో, చిన్న చార్జరు కొనుక్కోవడమో చేయాలి.

వెనక సీటు

షోరూముకి ఆవిడని తీసుకెళ్లండి. నేను మొదటిసారి ఒక్కణ్ణే వెళ్లి రంగులు చూసుకుంటూ నిలబడ్డాను. రెండోసారి మా ఆవిడ వచ్చి, ఏ బండినీ ముందునుంచి చూడలేదు. నేరుగా వెనక్కి వెళ్లి సీటు తడిమి "ఏమండీ, ఇక్కడ నేనెలా కూర్చోవాలి?" అంది. నాలుగు బండ్లు ఆ ఒక్క ప్రశ్నకే రాలిపోయాయి.

బుల్లెట్ సీటు ఒకే పొడుగు బల్ల, వెనకవాళ్లకి దాన్ని మించింది లేదు. హైనెస్‌ది కూడా ఒకే సీటు, పొడుగూ వెడల్పూ చాలు. క్లాసిక్‌లో వెనక సీటు వేరుగా ఉంటుంది, కూర్చోవచ్చు, కానీ వెడల్పు ముందుదానంత కాదు. హంటర్, స్పీడ్ 400ల వెనక సీటు కుర్రకారు కోసం చేసింది. చీరతో ఒకవైపు కూర్చునే అలవాటున్నవాళ్లయితే చీర గార్డు, దాని మీద పాదం పెట్టుకునే మెట్టు, పట్టుకునే కడ్డీ మూడూ ఉన్నాయో లేదో చూడాలి. ఇక్కడ నిక్కచ్చిగా చెప్పాలి: బండి ఆగి ఉన్నప్పుడు అరవై కిలోల మనిషి ఒక పక్కకి ఎక్కితే, ఆ ఒరుగుడంతా మన ఎడమకాలు ఆపాలి. మా ఇంట్లో ఈ విషయం మీద వారం చర్చ నడిచి, చివరికి బండెక్కే రోజు పంజాబీ డ్రెస్సు, రెండు వైపులా కాళ్లు అని ఒప్పందం కుదిరింది. ఆవిడ ఎక్కేటప్పుడు సైడు స్టాండు తీయను. ఎక్కాక తీస్తాను.

చక్రాలు, తుప్పు

తీగల చక్రాలు అందం. వాటిలో ఎక్కువగా ట్యూబు ఉంటుంది. పంక్చరైతే ఉన్నచోటే గాలి దిగిపోతుంది, చక్రం విప్పాలి. అనంతగిరి ఘాట్‌లో మధ్యాహ్నం మూడింటికి 195 కిలోల బండి వెనక చక్రం విప్పే పని ఊహించుకోండి. అల్లాయ్ చక్రం, ట్యూబ్‌లెస్ టైరు అయితే మేకు దిగినా గాలి మెల్లగా పోతుంది, పక్క ఊరి దాకా వెళ్లొచ్చు. హైనెస్, రోనిన్‌లకి అల్లాయే వస్తుంది. మీటియార్, క్లాసిక్, హంటర్‌లలో ఏ వేరియంటన్న దాన్ని బట్టి. క్లాసిక్‌కి అల్లాయ్ పెడితే అందం పోతుందనేవాళ్లున్నారు. పోతుంది. నేనైతే ఆ అందం పోగొట్టుకుంటాను.

సముద్రం పక్కన ఉండేవాళ్లు క్రోమ్ తళతళ చూసి మోసపోవద్దు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం గాలికి సైలెన్సరూ, తీగలూ, నట్లూ రెండు వర్షాకాలాల్లో గోధుమరంగు చుక్కలేస్తాయి. బీచి రోడ్డు మీద తిరిగొచ్చిన రోజు మంచినీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడవాలి. బద్ధకమైతే నల్ల మ్యాట్ రంగు, క్రోమ్ తక్కువున్న వేరియంట్ కొనాలి. హైదరాబాదు, వరంగల్ వాళ్లకి ఈ బాధ లేదు.

కాగితాలు

లైసెన్సు తీసి తేదీ చూసుకోండి. చాలామంది చూడరు. 55 దాటాక ఎప్పుడు రెన్యువల్ చేయించినా ఐదేళ్లకే ఇస్తారు, దానితో డాక్టరు సంతకం పెట్టిన ఫారం 1ఎ పెట్టాలి. గడువు తీరాక ఏడాది లోపు వెళితే రెన్యువల్, ఏడాది దాటితే మళ్లీ టెస్టు. పాత లైసెన్సులో గేరు మోటార్ సైకిల్ ఉందో, గేరు లేనిదొక్కటే ఉందో కూడా చూడండి. షోరూము వాళ్లు చెప్పే ధర మీద లైఫ్ ట్యాక్సు, రిజిస్ట్రేషను, కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు పడతాయి. ఆన్‌రోడ్ ఎంతో కాగితం మీద రాయించుకోండి.

బీపీ మాత్ర కొత్తగా మార్చినవాళ్లు ఒంటికి సర్దుకునేదాకా ఆగండి, లేచి నిలబడగానే తల తిరిగే రకం మాత్రలున్నాయి. కంట్లో శుక్లం ముదురుతున్నవాళ్లకి రాత్రి ఎదురుగా వచ్చే లైటు ఒక తెల్లటి ముద్దలా కనిపిస్తుంది. ఆపరేషన్ అయ్యేదాకా పగటి బండే. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ ఇద్దరికీ. మెడనొప్పి ఉంటే తేలికైనది చూసి తీసుకోండి.

ఎవరికి ఏది

మా తెలిసినవాళ్లలో అందరికంటే పెద్దాయన, డెబ్బైకి దగ్గర్లో ఉన్న మాస్టారు, క్లాసిక్ కొన్నాడు. నిశ్చింతగా నడుపుతున్నాడు. ఆయనది అనకాపల్లి దగ్గర సొంత ఇల్లు, చదునైన ముంగిలి, గేటు తీస్తే నేరుగా రోడ్డు. వెనక్కి నెట్టే పనే లేదు, లోపలే గుండ్రంగా తిరిగి వస్తాడు. ఆయన వయసు చూసి తేలిక బండి చెప్పేవాణ్ణి, ఆయన ఇల్లు చూశాక నోరు మూసుకున్నాను. మీకూ అలాంటి వాకిలి ఉంటే, ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు దాటితే, బుల్లెట్టో క్లాసిక్కో కొనేయండి. వెనక మనిషి తరచూ ఎక్కితే బుల్లెట్, ఒంటరి షికార్లయితే క్లాసిక్.

అపార్టుమెంటు సెల్లారు, ఇరుకు సందు, ఒక్కడే తిరగడం అయితే హంటర్. 17 అంగుళాల చిన్న చక్రాలు, పొట్టి బండి, సందులో చటుక్కున తిరుగుతుంది. మోకాళ్లు, చేతులు ఇంకా బలహీనమైతే రోనిన్. దాని రూపం సగం పాత, సగం కొత్త, నాకు అంతగా నచ్చలేదు, కానీ 160 కిలోల హాయి వేరు. ఊరి లోపలే, రోజుకి పది కిలోమీటర్లు, వేగం అక్కర్లేదనుకుంటే డబ్ల్యూ175. హైవేలో దానికి ఆయాసం వస్తుంది.

నేను హైనెస్ తీసుకున్నాను. ర్యాంపు, మా ఆవిడ, నా ఎడమ చెయ్యి ముగ్గురూ ఒప్పుకున్న బండి అదొక్కటే. బుల్లెట్ కానందుకు మొదటి నెల లోపల కొంచెం గిలి ఉండేది. ఒక ఆదివారం ఐదున్నరకి బయల్దేరి బీచి రోడ్డు మీద భీమిలి దాకా టాప్ గేరు మార్చకుండా నలభై ఐదులో వెళ్లాం. రుషికొండ దాటాక ఎడమపక్క కొండ, కుడిపక్క నీళ్లు, మధ్యలో మా ఇంజిన్ చప్పుడు. భీమిలిలో ఇడ్లీ తిని, బండి వెనక్కి తిప్పడానికి లేచాను. ఇసుక పరుచుకున్న రోడ్డు అంచు, కాస్త పల్లం. ఎవర్నీ పిలవలేదు. ఆ రోజు నుంచి గిలి లేదు.

సెల్లారులో నా చోటు మాత్రం మార్చుకున్నాను. స్తంభం వెనక నాది, గేటు దగ్గర రెండో అంతస్తు కుర్రాడిది. కారణం చెప్తే నవ్వి ఇచ్చేశాడు. మీ అపార్టుమెంటులో కూడా డబ్బు కట్టే ముందే ఈ బేరం తేల్చుకోండి.

డెలివరీ సాయంత్రం పెట్టుకోవద్దు. షోరూము తెరవగానే వెళ్లండి, ఫొటోలు, పూలదండ, నిమ్మకాయలు అయ్యేసరికే ఎండెక్కుతుంది. క్లచ్ లివర్, బ్రేకు పెడల్, అద్దాలు మీ కొలతకి అక్కడే బిగించమనండి. కొత్త బండిలో పెట్రోలు బంకు దాకా వెళ్లేంతే పోస్తారు, కాబట్టి మొదట ఆగేది బంకులోనే. అక్కడ వరస అడుగడుగునా జరుగుతుంటుంది, ఇంజిన్ ఆపి బండిని ముందుకి నెట్టుకోవాలి. వాలుగా ఉన్న పంపు వదిలేసి, రెండు బండ్లు ఎక్కువున్నా చదునుగా ఉన్న వరసలో నిలబడండి.